నాలుగు చలికాలాల కోటు

పాని గేన్యాతో, అంటే మన మాటలో గేన్యా అమ్మగారితో, ఎవరికైనా ఒకటే ఇబ్బంది. ఎదురుగా నిలబడి కబుర్లు చెబుతూ చెబుతూనే మన కోటు అంచు పట్టుకుని తిరగేస్తుంది. లోపలి వైపు చూస్తుంది. ఏమీ అనకుండా వదిలేసిందంటే కుట్టు బాగున్నట్టు. "ఊఁ" అందంటే మాత్రం ఆ దర్జీ పని అయిపోయినట్టే. మేనకోడలి పెళ్ళిలో, చర్చి మెట్ల మీద అందరూ ఫొటోకి నిలబడ్డ వేళ, పెళ్ళికొడుకు కోటు కూడా అలాగే తిరగేసి "ఊఁ" అంది. ఇప్పటికీ ఆవిడ ఎదురుపడితే అతను కోటు అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని మాట్లాడతాడు.

అలవాటు ఊరికే రాలేదు. పోలండ్‌లోని వూచ్ నగరంలో ఆ రోజుల్లో ఆడపిల్లకి పదహారేళ్ళొస్తే మిల్లు గేటు చూపించేవారు. గేన్యాని ఉన్ని మిల్లులో రఫ్ఫు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మగ్గం దిగిన తాను అక్కడికి వచ్చేది. ఎక్కడో పేక తెగి ఉంటుంది, ఎక్కడో పడుగులో ఒక పోగు తప్పి ఉంటుంది. వేళ్ళతో తడిమి అది పట్టుకోవాలి. పట్టుకుని, మగ్గం ఎలా నేసిందో అలాగే సూదితో ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి నేయాలి. పై వైపు కనిపిస్తే అది రఫ్ఫు కాదు, అతుకు అని పెద్ద మేస్త్రమ్మ విప్పించి మళ్ళీ చేయించేది. లోపలి వైపు మాత్రం ఎంత బాగా చేసినా వేలికి కొద్దిగా గరుగ్గా తగిలేది. అందుకే ఆ బల్ల ఆడవాళ్ళు ఒకరి పని ఒకరు చూడాలంటే బట్ట తిరగేసేవారు. ఇరవై తొమ్మిదేళ్ళు గేన్యా ఆ పని చేసింది. బాగా చేస్తే చేసినట్టే తెలియని పని. ఆవిడ చేతి మీదుగా పోయిన బట్ట ఎంతమంది వేసుకున్నారో, ఒక్కరికీ ఆవిడ పేరు తెలీదు. ఆవిడ దానికి ఎప్పుడూ నొచ్చుకోలేదు.

మిల్లు మూతపడ్డాక సినిమాలకి దుస్తులు కుట్టే కార్ఖానాలో చేరింది. అక్కడి పెద్ద ఇవోనా, గేన్యా కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నది, చురుకైన మనిషి. మొదటి రోజే ఒక కొత్త కోటూ, జున్ను తురిమే పీటా తెచ్చి ముందు పెట్టి, దీన్ని సాయంత్రానికల్లా పదేళ్ళ పాత కోటు చెయ్యాలంది. గేన్యా పీటని అటూ ఇటూ తిప్పి చూసి, "జున్ను ఏదీ?" అని అడిగింది. ఇవోనా నవ్వుకుంటూ చూపించింది: మోచేతుల దగ్గర తురమాలి, జేబుల్లో రాళ్ళు పోసి వేలాడదీయాలి, టీ డికాక్షన్‌లో ముంచాలి, కాలరు గరుకు కాగితంతో రుద్దాలి. గేన్యా చేసింది. కానీ మధ్యాహ్నం చూస్తే కోటుకి చిరుగు లేదు. చేతులు వాటి అలవాటు కొద్దీ రఫ్ఫు చేసేశాయి. చింపమంటే కుడతారేంటండీ అని ఇవోనా తల పట్టుకుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఏడాది తిరిగేసరికి ఆ కార్ఖానాలో ఆవిడంత బాగా చింపేవాళ్ళు లేరు. బట్ట ఎక్కడ ముందు అలిసిపోతుందో ఇరవై తొమ్మిదేళ్ళు తడిమిన వేళ్ళకి కాక ఎవరికి తెలుస్తుంది? రైతు కోటు ఎక్కడ చిరుగుతుందో, గుమాస్తా కోటు ఎక్కడ చిరుగుతుందో వేరు వేరుగా చెప్పేది. పెద్ద పెద్ద డైరెక్టర్లు ఆవిడ చింపిన కోట్ల కోసం నెలల తరబడి ఆగేవారు.

అలా పదిహేనేళ్ళు గడిచాక, 2008లో, రాదెక్ అనే డైరెక్టరు ఒక పుస్తకాన్ని సినిమాగా తీయడానికి వచ్చాడు. రాసినావిడ పేరు ఫేలా క్రోన్‌మాన్. ఇదే ఊళ్ళో, బవూతి పేటని నాజీలు ముళ్ళకంచెతో మూసి యూదుల్ని అందులో కుక్కినప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. నాలుగు చలికాలాలు ఆ కంచె లోపల బతికింది. తండ్రి మొదటి చలికాలంలోనే పోయాడు. చివరి వేసవిలో అందర్నీ రైలెక్కించారు. దిగినచోట తల్లిని ఒక వరసలోకీ, పిల్లని ఒక వరసలోకీ నెట్టారు. పిల్ల మిగిలింది. ఎక్కడో ఇజ్రాయెల్లో, హైఫాలో స్థిరపడి, డెబ్బై దాటాక రాసుకున్న పుస్తకం అది.

గేన్యా కూడా బవూతిలోనే పుట్టింది, యుద్ధం అయిపోయాక. వాళ్ళమ్మకి అక్కడ ఒక ఖాళీ గది ఇచ్చారు. ముందు అందులో ఎవరున్నారని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. ఆ మాట తలుచుకుంటే గేన్యాకి ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఆ మాట నలుగురి ముందూ అంటుంది కూడా.

సినిమాలో ముఖ్యమైన కోట్లు రెండు. ఫేలా తండ్రి బట్టల వ్యాపారి. యుద్ధానికి ముందు ఒకే తానులోంచి, ముదురాకుపచ్చ మీద సన్నటి గోధుమరంగు పోగున్న ఉన్ని, భార్యకొకటీ కూతురికొకటీ కోటు కుట్టించాడు. గేన్యా అలాంటి తానే నేయించి, రెండు కోట్లూ కత్తిరించింది. తర్వాత ఇవోనా ఇచ్చిన జాబితా ప్రకారం పిల్ల కోటుని నాలుగో చలికాలానికి తయారుచేసింది. రెండు మోచేతులూ చిరిగాయి, ఒక జేబు వేలాడుతోంది. అంత బాగా చింపిన కోటు ఆ ఏడాది ఇంకోటి లేదని ఇవోనా మెచ్చుకుంది.

షూటింగ్‌కి పది రోజుల ముందు పాని ఫేలా వచ్చింది. పొట్టి మనిషి, ముక్కుసూటి మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. రై పిండితో చేసే ఈ ఊరి పులుపు చారు, జాలెవాయ్‌కా, ఒక గిన్నెలో పెడితే నిలబడే ఒక చెంచా తాగి, పులుపు చాల్లేదని పక్కన పెట్టింది. ఆవిడ మాట వింటుంటే గేన్యాకి చచ్చిపోయిన అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. ఆ యాస ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు.

పాని ఫేలా తల్లి కోటు చూసి, అంచు మీద చెయ్యేసి నిమిరింది. ఇది మొదటి చలికాలానిదని ఇవోనా చెప్పింది. అవునని తలూపింది. తర్వాత పక్కన బొమ్మకి తొడిగిన చిన్న కోటు చూసింది. మొహం మారిపోయింది.

"ఇదెవరిది?"

మీదేనండీ అన్నాడు రాదెక్.

"నా కోటు చిరగలేదు. నాలుగు చలికాలాలు వేసుకున్నాను, ఒక్క పోగు పోలేదు. పుస్తకంలో రాశాను. చదవడం వచ్చినవాళ్ళే కదా సినిమా తీసేది?"

రాదెక్ మంచివాడే. ఓపిగ్గా చెప్పాడు. మీరు రాసింది నేను నమ్ముతాను, హాల్లో కూర్చున్నవాడు నమ్మడు అన్నాడు. చుట్టూ జనం ఆకలికి రాలిపోతుంటే మధ్యలో ఈ పిల్ల కోటు మాత్రం షాపులోంచి తెచ్చినట్టుంటే, ఇదంతా వేషమని అనుకుంటాడు, మిగతాది కూడా నమ్మడం మానేస్తాడు అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. ఇవాళ నమ్మనివాళ్ళు నిజంగానే ఉన్నారు.

పాని ఫేలా గొంతు పెంచలేదు. "మా అమ్మకి ఫొటో లేదు. సమాధి లేదు. ఆవిడ నన్ను ఎలా చూసుకుందో చెప్పడానికి నాకు మిగిలింది ఆ కోటు ఒక్కటే. చిరుగులతో పిల్లని బయటికి పంపే మనిషి కాదు మా అమ్మ. అది చింపుతానంటే నా పుస్తకం నాకిచ్చెయ్యండి."

ఆవిడ ఊరికే బెదిరించడం లేదు. తల్లి విషయంలో పుస్తకం దాటకూడదనీ, దాటితే హక్కు వెనక్కనీ ఒప్పందంలో పట్టుబట్టి రాయించుకుంది. సినిమా అక్కడే ఆగిపోయేలా ఉంది. రాదెక్ దిక్కుతోచక చుట్టూ చూసి గేన్యా దగ్గర ఆగాడు.

"పాని గేన్యా, మీరే చెప్పండి. మీ జన్మంతా బట్టతోనే గడిచింది. నాలుగు చలికాలాలు ఒక పిల్ల రోజూ వేసుకుంటే, ఉన్ని కోటు చిరక్కుండా ఉంటుందా?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఉండదు. అది ఆవిడకి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. ఎంత మంచి ఉన్నయినా పిల్లల మోచేతుల దగ్గర రెండో చలికాలానికే పలచబడుతుంది. ఉండదంటే ఈ ముసలమ్మని అబద్ధాలకోరు అన్నట్టు, ఆ తల్లిని పిల్లని పట్టించుకోనిది అన్నట్టు. ఉంటుందంటే బట్ట మీద అబద్ధం చెప్పినట్టు. బట్ట మీద ఆవిడ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"రేపు భోజనాల వేళకి చెబుతాను," అంది. "నాకు ఆ పుస్తకం ఒకటివ్వండి."

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆవిడ పుస్తకం చదవలేదు. జాబితా చదివింది, అంతే. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికెళ్ళి, వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, వేలు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివింది. ఏడవాల్సిన చోట్ల ఏడ్చింది. కోటు మాట వచ్చినచోటల్లా అగ్గిపుల్ల పెట్టింది. నాలుగు పుల్లలయ్యాయి.

మొదటి పుల్ల దగ్గర, ఎదిగే పిల్ల కదా అని చిన్న కోటు అంచులు లోపలికి బాగా మడిచి కుట్టించారనీ, ఏడాదికోసారి అమ్మ కొంచెం కొంచెం విప్పేదనీ ఉంది. రెండోచోట, నా కోటు ఎంత మంచి గుడ్డో, చిరగనే లేదు అని ఉంది. మూడోచోట ఒక వాక్యం ఉంది: 'అమ్మ కోటు ఏటేటా చిన్నదవుతూ వచ్చింది, నేను పెద్దవుతున్నందుకు అలా అనిపించేదేమో.' దాని కింద రాదెక్ ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకున్నాడు. ఈ వాక్యం ఎంత బాగుందో అని కార్ఖానాలో అందరికీ చదివి వినిపించాడు కూడా. నాలుగోది చివరి చలికాలం. రొట్టె కోసం వరసలో అమ్మ ముందు నిలబడేది, నాకు అమ్మ మోకాళ్ళు కనిపించేవి, అని.

గేన్యా ఆ ముక్క మూడుసార్లు చదివింది. పిల్ల ఎదిగితే అమ్మ కోటు పొట్టిగా అనిపించవచ్చు. అమ్మ మోకాళ్ళెలా బయటికొస్తాయి? కార్ఖానాలో కొలిచి కుట్టిన తల్లి కోటు మడమల దాకా ఉంది. పుస్తకంలోనూ అలాగే ఉంది.

అప్పుడు ఆవిడకి తట్టింది. పాత బట్టకి కొత్త పోగు వేస్తే దూరాన్నించే తెలిసిపోతుంది. అదే తానుదై ఉండాలి, అన్నే ఎండలూ అన్నే వానలూ చూసినదై ఉండాలి. మామూలుగా అయితే ఆ కోటు అంచు మడతలోంచే తీస్తారు. కానీ పిల్ల కోటు మడత ఏటేటా విప్పేస్తున్నారు, దాన్లో మిగిలిందేం లేదు. ఆ తానుదే ఇంకొక్క కోటుంది. దాని కింది అంచు వేలెడు వెడల్పున కత్తిరించి విప్పితే, రెండు మోచేతులకి సరిపడా పోగులొస్తాయి. ఇంకో చిరుగుకి ఇంకో వేలెడు.

ఆవిడ ఇవోనాకి ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. ఇవోనా, ఇదంతా ఆ పెద్దావిడతో ఎందుకండీ అంది. మంచి ఉన్ని చిరగదు అని ఒక్క ముక్క చెప్పెయ్యండి, మీరు చెబితే రాదెక్ వింటాడు, సినిమా నిలబడుతుంది, ఆవిడా సంతోషంగా వెళ్ళిపోతుంది అంది. అరవయ్యేళ్ళకి పైగా నా కోటు చిరగలేదని నమ్ముకున్న మనిషితో, చిరిగిందమ్మా అని ఏ నోటితో చెబుతారు అంది.

మాట సబబే. గేన్యా ఫోన్ పెట్టేసి, టీ చల్లారిపోయేదాకా కూర్చుంది. పని కనబడకపోవడం ఆవిడకి అలవాటే, అందులో బాధ లేదు. కానీ మిల్లులో కనీసం బట్ట తిరగేసి చూసే తోటివాళ్ళుండేవారు. ఫేలా తల్లి, ఈ ఎత్కా క్రోన్‌మాన్ అనే ఆవిడ పనిని ఒక్కరంటే ఒక్కరు తిరగేసి చూడలేదు. కన్న కూతురు కూడా చూడలేదు. తను ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంకెవరూ చూడరు.

మర్నాడు ఏడింటికల్లా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. మడమల దాకా ఉన్న తల్లి కోటు తీసి, కత్తెర పెట్టి, అంచు వేలెడు వెడల్పున కత్తిరించేసింది. ఇవోనా అయ్యో అంటూ పరుగెత్తుకొచ్చి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. గేన్యా ఆ పట్టీ విప్పింది, పోగు పోగూ వేరు చేసింది. తను చింపిన మోచేతుల్ని తనే నేసింది. ఐదు గంటలు పట్టింది. తలెత్తలేదు.

భోజనాల వేళకి పాని ఫేలా, రాదెక్ వచ్చారు. గేన్యా చిన్న కోటు బల్ల మీద పరిచింది. ఎక్కడా చిరుగు లేదు.

"చూశారా?" అంది పాని ఫేలా, డైరెక్టర్ వైపు తిరిగి. "ఇదీ నా కోటు. ఇలాగే ఉండేది."

గేన్యా కోటు ఆవిడ ముందుకి జరిపింది. "పాని ఫేలా, నిన్న మీరు చూసిన కోటే ఇది. లోపల చెయ్యి పెట్టి చూడండి. మోచేతి దగ్గర."

పాని ఫేలా కోటు చేతిలోకి చెయ్యి దూర్చింది. బొటనవేలు ఒకచోట ఆగింది. అక్కడే రుద్దింది. ఇంకొంచెం రుద్దింది. మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది.

"ఈ గరుకు..." అంది. "ఇది నా కోటులో ఉండేది. వరసలో నిలబడ్డప్పుడు చెయ్యి లోపలికి లాక్కుని బొటనవేలితో రుద్దుకునేదాన్ని. వెచ్చగా ఉండేది. గుడ్డే అంత అనుకున్నాను."

"గుడ్డ కాదమ్మా. అది పని. నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఆ పనే చేశాను. పొద్దున్న మీరు లేచేలోపు ఎవరో చేసి ఉంచేవారు."

"పోగు ఎక్కడిది?" అని అడిగాడు రాదెక్.

గేన్యా లోపలికి వెళ్ళింది. తల్లి కోటు తెచ్చి, వేలెడు తగ్గిన అంచు పాని ఫేలా చేతిలో పెట్టింది. ఆవిడ రెండు అంచుల్నీ పక్కపక్కన పట్టుకుంది. అప్పుడు మొదటిసారి కుర్చీ కావాలని అడిగింది. కూర్చుంది.

"పెళ్ళికి ముందు అమ్మ మిల్లులో పనిచేసిందట," అంది చివరికి. "ఏం పనో ఎప్పుడూ చెప్పలేదు. వ్యాపారి భార్య కదా, చెప్పుకోకూడదు."

"మా బల్ల మనిషే," అంది గేన్యా. ఆ మాట అన్నప్పుడు పడినంత గర్వం తన గురించి ఆవిడ ఎప్పుడూ పడలేదు.

పాని ఫేలా కళ్ళు తుడుచుకుని డైరెక్టర్ని పిలిచింది. "రాసుకోండి. నా కోటు చిరిగింది. ఎన్నిసార్లో నాకు తెలీదు."

స్క్రిప్టులో మాట ఒక్కటీ మారలేదు. పిల్ల కోటు సినిమా అంతా చిరుగు లేకుండానే ఉంటుంది. తల్లికి మాత్రం గేన్యా నాలుగు కోట్లు కుట్టింది, ఒకదాని కన్నా ఒకటి పొట్టి. తల్లి వేషం వేసే అమ్మాయికి ఆ రఫ్ఫు నేర్పాలని రాదెక్ అడిగితే, నెలలో రాదు, ఏళ్ళు పడుతుంది, చేతులు మాత్రం నావి తీసుకోండి అంది. అందుకని ఒక చిన్న ముక్కలో, తెల్లవారుజామున కిటికీ ముందు సూది పట్టుకుని కదిలే చేతులు గేన్యావి. ఆవిడ మొహం కనిపించదు. కనిపించాలని ఆవిడ అడగనూ లేదు.

చివరి చలికాలం సన్నివేశం ఫిబ్రవరిలో, బవూతిలో ఇప్పటికీ మారని ఒక సందులో తీశారు. పొద్దున్నే మంచు పడుతోంది. రొట్టె కోసం వరస. కెమెరాని పిల్ల కళ్ళ ఎత్తున పెట్టారు. ముందు తల్లి నిలబడింది. పొట్టి కోటు, దాని కింద మోకాళ్ళు, ఎర్రగా కమిలి ఉన్నాయి. వెనక పిల్ల, నిక్షేపంలాంటి కోటులో, ఒక చెయ్యి లోపలికి లాక్కుని నిలబడింది.

పాని ఫేలా దాని కోసమే హైఫా నుంచి మళ్ళీ వచ్చింది. దుప్పటి కప్పుకుని గేన్యా పక్కన నిలబడి చూస్తోంది. సన్నివేశం అయిపోయింది, అందరూ టీకి కదిలారు, ఆవిడ కదలలేదు.

"ఇన్నేళ్ళూ నేను చెప్పుకుంటూ వచ్చాను, పాని గేన్యా, నాకు ఆ నాలుగేళ్ళూ చలి తెలీదని," అంది. "అమ్మకి చలేసి ఉంటుంది కదూ?"

"వేసే ఉంటుందమ్మా," అంది గేన్యా.

పాని ఫేలా తలూపింది. ఆవిడ చెయ్యి తనకి తెలీకుండానే గేన్యా కోటు అంచు పట్టుకుని లోపలి వైపు తిప్పింది. గేన్యా కదలకుండా నిలబడి చూసుకోనిచ్చింది.